లెన్స్ కోసం అప్పు చేయకండి

శాలిబండలో పెళ్లి ఫొటోలు తీస్తూ డిగ్రీ చదువుతున్నారా? స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్ కావాలని మనసు లాగుతోందా? మంచిదే. కానీ ‘పెద్ద లెన్స్ లేకపోతే మనల్ని ఎవరు పిలుస్తారు?’ అనుకుని అప్పుకు మాత్రం వెళ్లకండి.

400 ఎంఎం, ఎఫ్/2.8 లెన్స్ కొత్తది కొనాలంటే రూ.10 లక్షలు దాటుతుంది. పని దొరక్కముందే ఈఎంఐ మొదలైతే వచ్చిన ప్రతి పెళ్లి ఆర్డరూ ఒప్పుకోవాలి. ఇక గ్రౌండ్‌కు వెళ్లేదెప్పుడు? అలాంటి లెన్స్ అవసరమైన రోజున అద్దెకు తెచ్చుకోండి. ముందు కొనాల్సింది మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు.

ఈ లెన్సుల్లో కొత్తవే దాదాపు మూడు కిలోలు, పాతవి ఇంకా బరువు. పది నిమిషాలు చేత్తో మోయొచ్చు. 90 నిమిషాల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో భుజం లాగేస్తుంది. సరిగ్గా గోల్ పడేటప్పటికి కెమెరా కిందికి దిగి ఉంటుంది. మోనోపాడ్ ఉంటే బరువు నేల మోస్తుంది, మీ కన్ను ఆట మీద ఉంటుంది. మూడు కాళ్ల ట్రైపాడ్ అయితే బాల్ వెంట చటుక్కున తిరగలేదు, పక్కవాళ్ల కాళ్లకూ అడ్డం.

స్టాండును కెమెరాకు కాదు, లెన్స్ కాలర్‌కు బిగించండి. కాలర్ స్క్రూ కాస్త వదులు చేస్తే నిలువు ఫ్రేమ్‌కు వెంటనే తిప్పుకోవచ్చు. స్టాండును కొంచెం ముందుకు వాల్చి, మీ రెండు కాళ్లను మిగతా రెండు కాళ్లు అనుకోండి. వీలైతే మోకాలి మీద కూర్చోండి, ఆటగాడు ఫ్రేమ్‌లో ఎత్తుగా కనిపిస్తాడు. ఒక్కటి మర్చిపోవద్దు: మోనోపాడ్ మీ చేతి వణుకును ఆపుతుంది, ఆటగాడి పరుగును కాదు. దానికి షట్టర్ స్పీడ్ 1/1000 సెకను లేదా అంతకన్నా వేగంగా ఉండాల్సిందే.

మరి ప్రాక్టీస్ ఎక్కడ? చార్మినార్ దాటితే కులీ కుతుబ్ షా స్టేడియం ఉంది. నిర్వాహకుల అనుమతి తీసుకుని కాలేజీ, క్లబ్ మ్యాచ్‌లకు వెళ్లండి. క్రాప్ సెన్సర్ కెమెరాకు 70-200 లెన్స్ పెడితే చివర్లో దాదాపు 300 ఎంఎం అంత దగ్గరగా కనిపిస్తుంది. మొదటి ఏడాదికి అది చాలు. ఉప్పల్ స్టేడియంలో పెద్ద మ్యాచ్ తీయాలంటే అక్రెడిటేషన్ కావాలి. మీడియా సంస్థో ఏజెన్సీయో మిమ్మల్ని పంపాలంటే ముందు మీ పని చూపించాలి. 20 మంచి ఫొటోలు, ప్రతి దాని కింద ఆటగాడి పేరు, జట్టు, తేదీ తప్పు లేకుండా ఉండాలి. పేరు తప్పు పడితే ఎంత గొప్ప ఫొటో అయినా పక్కన పెట్టేస్తారు.

1962 ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన కోచ్ ఎస్.ఎ.రహీం హైదరాబాదీ. ఈ ఊళ్లో ఆటకు కొదవ లేదు. వచ్చే ఆదివారం ఉన్న కెమెరాతోనే గ్రౌండ్‌కు వెళ్లండి. లెన్స్ తర్వాతైనా కొనుక్కోవచ్చు.