ఘాట్ రోడ్డుకు చిన్న గేరు
నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు రోడ్డు సైకిలు మీద ఏ గేరులోనైనా పోవచ్చు. మోకాళ్లకు పరీక్ష గిద్దలూరు ఘాట్‌లో, నల్లమల ఎక్కేటప్పుడే. అక్కడ ముందు 39, వెనక 25 పళ్లతో తొక్కమనడం అన్యాయం. అలాగని సెట్టు మొత్తం మార్చక్కర్లేదు. షిమానో పాత 10 స్పీడ్ రోడ్డు షిఫ్టర్లతో 9 స్పీడ్ మౌంటెన్ డీరెయిలర్ చక్కగా పనిచేస్తుంది, రెండింటికీ కేబుల్ లాగే లెక్క ఒకటే కాబట్టి. (టియాగ్రా 4700 షిఫ్టర్లతో మాత్రం కుదరదు; 10 స్పీడ్ మౌంటెన్ డీరెయిలరూ పనికిరాదు.) వెనక 34 పళ్ల దాకా ఉన్న 10 స్పీడ్ క్యాసెట్, ముందు 34 పళ్ల కాంపాక్ట్ క్రాంక్ వేస్తే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకే చుట్టు, భారం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. చైను పొడవు సరిచూసుకోవాలి, అంతే. కొత్త సైకిలు కొనమనే ముందు దుకాణాలవాళ్లు ఈ దారి చెప్పి తీరాలి.