లెక్కలోకి రాని ప్రపంచ కప్పు

మెక్సికో సిటీలోని ఆజ్టెకా స్టేడియంలో 1970లోనూ 1986లోనూ పురుషుల ప్రపంచ ఫుట్‌బాల్ ఫైనల్స్ జరిగాయి. 2026 పోటీల ప్రారంభ ఆటను కూడా అక్కడికే కేటాయించారు. మూడు ప్రపంచ కప్పులకు వేదికైన స్టేడియం ప్రపంచంలో ఇదొక్కటేనని క్రీడా పేజీలు గొప్పగా రాశాయి. నేను ఆ 'మూడు' అన్న అంకె దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే 1971 సెప్టెంబరు 5న అదే స్టేడియంలో, లక్ష మందికి పైగా ప్రేక్షకుల ముందు, డెన్మార్క్ స్త్రీల జట్టు మెక్సికో స్త్రీల జట్టును 3-0తో ఓడించింది. ఆ మూడు గోల్సూ చేసింది సుసానె అగుస్టెసెన్ అనే పదిహేనేళ్ల పిల్ల. ఆ ప్రపంచ కప్పు మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

హక్కుల పత్రికలో ఫుట్‌బాల్ గొడవేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ఆస్తి హక్కు, గృహహింస, కనీస వేతనాలు, నీళ్లు, ఇన్ని సమస్యలు మీదపడి ఉండగా ఆటలా అని. నా పరిశోధన అంతా స్త్రీల శ్రమ మీదే జరిగింది. బీడీలు చుట్టే ఇళ్లలో, నారుమళ్లలో నన్ను ఎప్పుడూ వెంటాడిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎవరు చేస్తే అది పని? ఎవరు చేస్తే కాలక్షేపం? ఎవరి పేరు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది? ఆ రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంటుంది? స్త్రీల ఫుట్‌బాల్ చరిత్ర చదువుతుంటే ఇవే ప్రశ్నలు మరింత స్పష్టంగా, దాదాపు సిగ్గులేనంత బాహాటంగా కనిపించాయి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో మగవాళ్లు యుద్ధానికి పోతే, ఫ్యాక్టరీలలో ఆయుధాల తయారీకి స్త్రీలను తీసుకున్నారు. ప్రెస్టన్ పట్టణంలో డిక్, కెర్ అనే కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టారు. గాయపడిన సైనికుల కోసం, ఆసుపత్రుల కోసం ఆడి విరాళాలు పోగుచేశారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ల ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. లోపల చోటు లేక వేలాది మంది గేట్ల బయటే ఉండిపోయారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఒక తీర్మానం చేసింది. ఈ ఆట స్త్రీలకు తగినది కాదట. వసూలైన సొమ్ములో ధర్మానికి పోవలసినంత పోవడం లేదట. కాబట్టి తమ సభ్య క్లబ్బులేవీ స్త్రీలకు మైదానాలు ఇవ్వకూడదు.

ఈ తీర్మానం ఎలా రాశారో గమనించండి. స్త్రీలు ఆడకూడదని అందులో ఎక్కడా లేదు. మైదానం ఇవ్వొద్దని మాత్రమే ఉంది. మన పల్లెల్లో ఆడవాళ్లు వ్యవసాయం చెయ్యకూడదని ఎవరైనా అంటారా? పట్టా మాత్రం వాళ్ల పేర ఉండదు. కలుపు తీసేటప్పుడు ఉన్న మనిషి బ్యాంకులో అప్పు కోసం వెళితే రైతు కాదు. ఇంగ్లండు స్త్రీలు ఆ తర్వాత కూడా ఖాళీ స్థలాల్లో, చిన్నచిన్న మైదానాల్లో ఆడుతూనే వచ్చారు. కానీ యాభై మూడు వేల మందిని కూర్చోబెట్టే చోటు లేకుండా పోయింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ నిషేధం ఎత్తేసినప్పుడు, 'ఆడవాళ్ల ఆట చూడటానికి జనం రారు' అన్నమాట సహజ సత్యంలా స్థిరపడిపోయి ఉంది. జనాన్ని రానివ్వకుండా చేసి, జనం రారని చెప్పడం! పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇలాంటి నిషేధమే ఉంది. బ్రెజిల్ అయితే 1941లో ఏకంగా చట్టమే చేసింది. స్త్రీల స్వభావానికి సరిపడని ఆటలు ఆడకూడదని. అది 1979 దాకా నడిచింది. పెలే ప్రపంచాన్ని ఊపేసిన ఏళ్లన్నీ ఆ దేశపు ఆడపిల్లలకు బంతి తన్నడం చట్టవిరుద్ధమైన ఏళ్లే.

ఇక 1971కి వద్దాం. ఆ పోటీని ఫిఫా జరపలేదు. ఒక ఇటాలియన్ మద్యం కంపెనీ డబ్బు పెట్టింది. మెక్సికో, అర్జెంటీనా, ఇంగ్లండు, డెన్మార్క్, ఫ్రాన్స్, ఇటలీ, ఆరు దేశాల స్త్రీలు వచ్చారు. ఆటలు మెక్సికో సిటీలోనూ గ్వాదలహారాలోనూ జరిగాయి. నిర్వాహకులు గోల్ స్తంభాలకు గులాబీ రంగు వేయించారు. స్త్రీలంటే వాళ్లకు తోచింది అదే. టికెట్లు అమ్ముకోవడానికి ఆటగత్తెల అందచందాలను పత్రికల్లో వర్ణించారు. వ్యాపారం స్త్రీలకు చోటు ఇచ్చినప్పుడు ఏ షరతులతో ఇస్తుందో మనకు తెలియనిది కాదు. అయినా ఆ స్టేడియం నిండా కూర్చున్న జనం మాత్రం ఆట కోసమే కేకలు వేశారు.

అర్జెంటీనా జట్టు కోచ్ లేకుండా, డాక్టర్ లేకుండా వచ్చింది. సరైన బూట్లు కూడా మెక్సికోలోనే దొరికాయి. ఆ జట్టే ఆగస్టు 21న ఇంగ్లండును 4-1తో ఓడించింది. నాలుగు గోల్సూ ఎల్బా సెల్వావే. ఇవాళ అర్జెంటీనాలో ఆగస్టు 21ని మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణుల దినంగా జరుపుకుంటున్నారు. ఇంగ్లండు జట్టును తీసుకువచ్చిన హ్యారీ బాట్ అనే ఆయన బస్సు డ్రైవరు. ఆ జట్టులో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. మెక్సికోలో వాళ్ల వెంట జనం పరుగులు తీశారు, ఆటోగ్రాఫులు అడిగారు. స్వదేశానికి వెళ్లగానే ఆయన మీదా ఆటగత్తెల మీదా నిషేధాలు పడ్డాయి. అంత జనం మధ్య ఆడివచ్చిన ఆ అమ్మాయిల్లో కొందరు దశాబ్దాల పాటు ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. అవమానం గొంతు నొక్కేస్తుంది. 2023లో 'కోపా 71' అనే డాక్యుమెంటరీ వచ్చేదాకా ఆ పోటీ దృశ్యాలు అధిక భాగం లోకానికి తెలియవు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది ఫైనల్‌కు ముందు జరిగిన సంగతి. మెక్సికో ఆటగత్తెలు ఇరవై లక్షల పెసోలు ఇవ్వాలని, లేకపోతే ఫైనల్ ఆడమని చెప్పారు. టికెట్ల డబ్బు, ప్రకటనల డబ్బు ఎవరి కాళ్ల కష్టం మీద వస్తోందో వాళ్లకు కళ్లెదుటే కనబడుతోంది. అంతవరకూ 'మా ఆడపడుచులు' అని మురిసిపోయిన పత్రికలు రాత్రికి రాత్రి దురాశపరులని దుమ్మెత్తిపోశాయి. దేశం పరువు గుర్తుచేశాయి. చివరికి ఏమీ తీసుకోకుండానే వాళ్లు మైదానంలోకి దిగారు, ఓడిపోయారు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు సమ్మెకు దిగిన ప్రతిసారీ 'సేవకు వెల కడతారా' అన్న మాట వినిపిస్తుంది కదా. అది ఎంత పాతదో, ఎన్ని భాషల్లో ఉందో చూడండి. ప్రేమతో చేసే పనికి కూలి అడగగానే స్త్రీ చెడ్డదైపోతుంది.

1986లో అదే మెక్సికో సిటీలో జరిగిన ఫిఫా మహాసభలో నార్వే ప్రతినిధి ఎలెన్ విల్లె లేచి, మీ నివేదికల్లో స్త్రీలెక్కడ, వాళ్లకు ప్రపంచ కప్పు ఎప్పుడు అని నిలదీసింది. సభ నిండా మగవాళ్లే. అయిదేళ్లకు, 1991 నవంబరులో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పన్నెండు జట్లతో ఫిఫా 'మొదటి' పోటీ జరిపింది. దానికి ప్రపంచ కప్పు అనే పేరు పెట్టడానికి కూడా అప్పుడు మనసొప్పలేదు. ఒక చాక్లెట్ బ్రాండు పేరు తగిలించారు. పురుషుల ఆట తొంభై నిమిషాలైతే వీళ్లకు ఎనభైయే. అమెరికా నార్వేను 2-1తో ఓడించి గెలిచింది. 1999లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఫైనల్‌కు 90,185 మంది వచ్చారు. 2022 ఏప్రిల్‌లో బార్సెలోనాలో ఒక క్లబ్బు ఆటకు 91,648 మంది రాగానే స్త్రీల ఆటలో ప్రపంచ రికార్డు అన్నారు. ఆజ్టెకాలో లక్ష మంది ఏమయ్యారు? వాళ్లు అనధికారికం.

గుర్తింపు వచ్చాక మిగిలేది వాటా. 2015 కెనడా పోటీలను కృత్రిమ పచ్చిక మీద పెట్టినప్పుడు, పురుషులతో ఎన్నడూ ఇలా ఆడించలేదే అని క్రీడాకారిణులు అంతకుముందు ఏడాదే మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు వెళ్లారు. కేసు తేలకుండానే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అమెరికా స్త్రీల జట్టు సమాన వేతనం కోసం కోర్టుకెక్కి 2022లో 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిష్కారం సాధించింది. 2022 పురుషుల ప్రపంచ కప్పు బహుమతి సొమ్ము 44 కోట్ల డాలర్లు. 2023 స్త్రీల కప్పుకు 11 కోట్లు. నాలుగో వంతు. వ్యవసాయ కూలీలో ఆడ మగ తేడా గురించి పోట్లాడే మనకు ఈ భిన్నం కొత్తగా అనిపించదు.

ప్రసూతి సంగతి మరింత ఆసక్తికరం. వృత్తి క్రీడాకారిణులకు కనీసం పద్నాలుగు వారాల ప్రసూతి సెలవు, జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలని ఫిఫా నిబంధన 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నర్స్‌దోత్తిర్ గర్భిణిగా ఉన్నప్పుడు ఆమె ఫ్రెంచి క్లబ్బు పూర్తి జీతం ఆపేసింది. ఆమె ఫిర్యాదు చేసి గెలిచింది. 82,000 యూరోలకు పైగా చెల్లించమని 2022లో తీర్పు వచ్చింది. నిబంధన కాగితం మీద పుట్టడం ఒక ఎత్తు, ఎవరో ఒక బాలింత దాన్ని పట్టుకుని పోరాడటం ఇంకో ఎత్తు.

2023 ఆగస్టు 20న సిడ్నీలో స్పెయిన్ గెలిచింది. విజయ గోల్ చేసిన ఓల్గా కార్మోనాకు తండ్రి చనిపోయాడన్న కబురు ఆట ముగిశాకే చెప్పారు. ఆ సాయంత్రం లోకం మాట్లాడుకున్నది మాత్రం ఆ గోల్ గురించీ కాదు, ఆమె దుఃఖం గురించీ కాదు. పతకాల వేదిక మీద ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్, హెన్నీ ఎర్మోసో తల పట్టుకుని ఆమె ఒప్పుకోలు లేకుండా పెదాల మీద ముద్దు పెట్టాడు. గెలుపు సంబరంలో జరిగిందని, దాన్ని పెద్దది చేస్తున్నారని సమర్థించినవాళ్లకు లోటు లేదు. ఎనభై మందికి పైగా క్రీడాకారిణులు అతను ఉండగా దేశం తరఫున ఆడమని సంతకాలు చేశారు. 2025 ఫిబ్రవరిలో కోర్టు అది లైంగిక దాడేనని తీర్పు చెప్పి 10,800 యూరోల జరిమానా వేసింది. ఈ కేసు ముద్దుతో మొదలైందని అనుకుంటే పొరపాటు. 2022 సెప్టెంబరులోనే పదిహేను మంది తమ మానసిక స్థితి దెబ్బతింటోందని సమాఖ్యకు రాసి జట్టు నుంచి తప్పుకున్నారు. అప్పుడు వాళ్లను గారాబం పిల్లలన్నారు. అఫ్ఘానిస్తాన్‌లో సమాఖ్య అధ్యక్షుడి లైంగిక అత్యాచారాలను ఖాలిదా పోపల్, ఆమె సహచరులు బయటపెడితే 2019లో ఫిఫా అతన్ని జీవితకాలం బహిష్కరించింది. రెండేళ్లకు తాలిబాన్ వచ్చి జట్టునే దేశం దాటించింది. ఇరాన్‌లో ఆట ఆడటం సంగతి అటుంచి, చూడటానికి మగవేషం వేసుకుని వెళ్లి పట్టుబడిన సహర్ ఖొదాయారీ, జైలుశిక్ష పడుతుందన్న భయంతో కోర్టు బయట ఒంటికి నిప్పంటించుకుంది. 2019 సెప్టెంబరులో చనిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లు.

మన దేశంలో 1975లోనే స్త్రీల ఫుట్‌బాల్‌కు వేరే సమాఖ్య ఏర్పడింది. మన జట్టు ఆసియా పోటీల్లో రెండుసార్లు రెండో స్థానం తెచ్చుకుంది. రెండోది 1983లో. అదే ఏడాది శాంతి మల్లిక్‌కు అర్జున పురస్కారం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీ ఫైనల్స్‌కు చేరిన పురుషుల జట్టు గురించీ, దాని కోచ్ మన హైదరాబాదు రహీం గురించీ కథలుగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. శాంతి మల్లిక్ పేరు మనలో ఎందరికి తెలుసు?

2022 అక్టోబరులో పదిహేడేళ్లలోపు బాలికల ప్రపంచ కప్పు భువనేశ్వర్, గోవా, నవీ ముంబయిల్లో జరిగింది. పోటీలకు కొద్ది నెలల ముందు, విదేశీ పర్యటనలో ఒక బాలిక పట్ల లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణల మీద మన జట్టు సహాయ కోచ్‌ను తొలగించారు. కెప్టెన్ అష్టమ్ ఒరాన్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ పిల్ల. ఆమె ఆట చూడటానికి ఇంట్లో టీవీ లేకపోతే అధికారులు పెట్టించారు. ఆమె గౌరవార్థం ఊరికి రోడ్డు మంజూరు చేశారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులు రోజుకు 250 రూపాయల కూలికి మట్టి మోశారు. మన జట్టు మూడు ఆటల్లోనూ ఓడిపోయింది. అమెరికా మీద 0-8. 'ఇవేం ఆడపిల్లలు' అన్నవాళ్లు ఆ రోడ్డు గురించి మాట్లాడరు.

2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి మన స్త్రీలు 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించారు. ఆ రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వి. ఆ అర్హత పోటీల్లో ఆడిన గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి. అంతకుముందు క్రొయేషియా క్లబ్బుకు ఆడి వచ్చింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది.

నేను ఈ మధ్య సర్వే పనిమీద తిరిగిన ఊళ్లలో హైస్కూలు మైదానాలను ప్రత్యేకంగా గమనించాను. సాయంత్రం నాలుగున్నర తర్వాత అక్కడ ఒక్క ఆడపిల్ల ఉండదు. డ్రిల్లు పీరియడ్లో అబ్బాయిలకు బంతి ఇచ్చి అమ్మాయిలను చెట్టు కింద కూర్చోబెడతారు. ఏడో తరగతి దాటాక చాలామంది తల్లులే 'ఇంకేం ఆటలే' అంటారు. మరుగుదొడ్డి లేదు, మార్చుకోను గది లేదు, ఆలస్యమైతే బస్సు లేదు. వాళ్ల భయం ఉత్తది కాదు. కానీ మైదానం ప్రభుత్వానిది. బంతులు కొన్న డబ్బు అందరిదీ. సంఘాల్లో పనిచేస్తున్న మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీ మండలంలోని ఉన్నత పాఠశాలల్లో ఆట పీరియడ్లో అమ్మాయిలు ఎన్ని నిమిషాలు మైదానంలో ఉంటున్నారో, ఆట సామాను ఎవరి చేతికి వెళుతోందో, వ్యాయామ ఉపాధ్యాయులు ఉన్నారో లేరో రాసి పంపండి. జనవరి నెలాఖరులోగా అందినవాటిని పాఠశాల పేర్లతో సహా వచ్చే సంచికలో వేస్తాం.