కొడుకు, అల్లుడు, తమ్ముడు – మరి బిడ్డ?



ఛందస్సునూ, వ్యాకరణాన్నీ పక్కనబెట్టి ఈ ముసలి పంతులు చట్టం జోలికి పోయాడేమని అనుకోకండి. గోదావరిఖనిలో తెలుగు పాఠం చెప్పి బ్రతికినవానికి బొగ్గుబాయి ముచ్చట తప్పదు. ఒకనాడు వెనుక బెంచీ పిల్లవాణ్ణి పద్యం ఒప్పజెప్పమన్నాను. “సార్, బాపు నౌకరి నాకే అస్తది, గీ పద్యం నాకెందుకు?” అన్నాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. ముందు వరుసలోని ఆడపిల్లలు మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు. అనే వీలు తమకు లేదని వారికి అప్పటికే తెలుసు. ఈ సంగతి నాకు తట్టడానికి చాలా ఏండ్లు పట్టింది.

మా ప్రాంతంలో ‘డిపెండెంట్ ఉద్యోగం’ అన్నది ఇంటి మాట. తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కడం. కొంతకాలం నిలిచిపోయిన ఆ పద్ధతిని 2016లో సింగరేణి మళ్ళీ ప్రకటించింది. 48 నుండి 59 ఏండ్ల వయసు గల కార్మికుడు స్వచ్ఛందంగా తప్పుకొని, 18 నుండి 35 ఏండ్ల లోపు కొడుక్కో, అల్లునికో, తమ్మునికో ఉద్యోగం ఇప్పించుకోవచ్చును. బస్తీలలో పండుగ జరిగింది. నిరుద్యోగులు హైకోర్టుకు వెళ్ళారు. 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడ జోక్యానికి నిరాకరించింది.

ఆనాడు మా టీకొట్టు దగ్గర వినిపించిన ప్రశ్న నేటికీ వినిపిస్తుంది. “డాక్టరు కొడుకు దవాఖాన నడుపుతాడు, సేటు కొడుకు దుకాణం నడుపుతాడు. బాయిల చెమటోడ్చినోని కొడుకు బాయికి పోతే తప్పా?” ఈ ప్రశ్నలోని బాధ నిజమైనది. దుమ్ము మింగి, పైకప్పు ఎప్పుడు కూలునో తెలియని చోట యౌవనమంతా ధారపోసిన మనిషి ఆ ఉద్యోగాన్ని తన కష్టార్జితమనుకోవడం సహజం. కానీ దుకాణం సేటు సొత్తు. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అక్కడి ఉద్యోగం అందరి సొత్తు. అదే బస్తీలో అదే బొగ్గు తవ్వే కాంట్రాక్టు కూలీ కొడుక్కి తండ్రి విడిచిపెట్టే ఉద్యోగమేదీ లేదు. రాజ్యాంగం 16వ అధికరణం కాపు కాసేది వానికి. ప్రభుత్వోద్యోగంలో మతం, జాతి, కులం, లింగం మొదలైన వాటితోపాటు వంశానుక్రమాన్ని బట్టి కూడ వివక్ష చూపరాదని అది స్పష్టంగా చెప్పింది.

వంశానుక్రమం మీద తీర్పు మన తెలుగునేల వ్యాజ్యంలోనే ఏనాడో వచ్చింది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకా పెరవలి గ్రామాన్ని విభజించినప్పుడు కొత్త గ్రామానికి మునసబు ఎవరన్న తగవు పుట్టింది. రెవెన్యూ డివిజనల్ అధికారి గాజుల దశరథరామారావును నియమించగా, పాత మునసబు వంశంవాడు హక్కు తనదన్నాడు. కలెక్టరు అతని పక్షాన నిలిచాడు. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు, గ్రామోద్యోగం కూడ ప్రభుత్వోద్యోగమేననీ, 1895 నాటి మద్రాసు చట్టంలోని వంశపారంపర్య నియమం రాజ్యాంగానికి విరుద్ధమనీ తేల్చింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణం పదవులనే రద్దు చేసింది. కరణీకం వారసత్వంగా రావడం తప్పన్న మనం, బాయి పని వారసత్వంగా వస్తే ఒప్పనగలమా? నా మనసు కార్మికుని వైపే ఉన్నది. న్యాయం మాత్రం ఆ తీర్పు వైపున ఉన్నది.

2018లో ‘వారసత్వం’ పోయి ‘కారుణ్యం’ వచ్చింది. అనారోగ్యం వలన పనికి అనర్హుడని వైద్యులు తేల్చిన కార్మికుని కుటుంబంలో ఒకరికి ఉద్యోగం. న్యాయస్థానాలు అంగీకరించే దారి ఇది. సంపాదించేవాడు కూలిపోతే ఇల్లు కూలిపోరాదన్నది దాని ధర్మం. అయితే కారుణ్యానికి కొలత అవసరమే కావాలి. చూడవలసినది ఇంట్లో ఎవరు తండ్రిని పోషిస్తున్నారన్నది. ఎవరు మగవాడన్నది కాదు.

జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో సింగరేణి కూడ భాగస్వామి. అందులో ఆధారపడినవారి జాబితా చదివితే నాకు వ్యాకరణం మరచిపోయినట్లయింది. భార్య లేదా భర్త, పెండ్లికాని కూతురు, కొడుకు, దత్తపుత్రుడు మొదటి వరుస. వారు లేనప్పుడు తమ్ముడు, వితంతువైన కూతురు లేదా కోడలు, ఇంట్లో ఉండే అల్లుడు. అనగా ఆ జాబితా ప్రకారం కూతురు పెండ్లి చేసుకొన్న క్షణాన ఆమె అర్హత పోయేది, ఆమెను పెండ్లాడినవానికి అర్హత వచ్చేది! ఆమె మళ్ళీ జాబితాలోకి రావాలంటే భర్త చనిపోవలసి ఉండేది. 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, పిమ్మట కలకత్తా హైకోర్టు, పెండ్లయిందన్న కారణంతో కూతురిని తోసివేయడం సమానత్వానికి విరుద్ధమన్నాయి. కొడుకు పెండ్లాడితే కొడుకు కాకుండా పోడు గదా!

“బాయిల ఆడవాళ్ళకేం పని?” అనేవారున్నారు. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి పోనీయలేదు, నిజమే. 2019లో సాంకేతిక, పర్యవేక్షక పనులకు పగటివేళ ఆ తలుపు కొంత తెరచుకొన్నది. అదీగాక బాయి అంటే భూగర్భమొక్కటే కాదు. ఉపరితలంలో స్టోర్లు, వర్క్‌షాపులు, ఆసుపత్రులు, కార్యాలయాలు ఎన్ని లేవు?

కొన్నేండ్ల క్రితం నా పూర్వ విద్యార్థిని ఒకతె అర్జీ వ్రాసిపెట్టమని వచ్చింది. తండ్రి మంచం పట్టాడు, తమ్ముడు పట్టించుకోడు, ఆమే చూస్తున్నది. “నేను కూడ బాపు బిడ్డనే గద సార్?” అన్నది. మా తెలంగాణలో బిడ్డ అంటేనే కూతురు. ఇతర ప్రాంతాలలో ఆ మాటకు సంతానమని అర్థం. ఆ రెండర్థాలూ ఒకటేనని అర్జీలో నిరూపించడానికి నా పాండిత్యం చాలలేదు.

వారసత్వాన్ని కొట్టివేసిన న్యాయం సగమే. వంశాన్ని తీసివేసి లింగాన్ని మిగిల్చితే, 16వ అధికరణాన్ని సగం చదివినట్లే. పిల్లవాని మాటకు నవ్విన పంతులుగా నాకూ అందులో పాపభాగం ఉన్నది.

న్యాయశాస్త్రం తెలిసిన మిత్రులు నా పొరపాట్లను సరిదిద్దగలరు.