కోత వచ్చు.. కొలతే కరువు!
గేర్ల తయారీలో శిక్షణ లోటు

హైదరాబాద్ శివారు బాలానగర్‌లో అనుభవమున్న గేరు పనివాడికి పాత గేరు ఒకటి చేతికిస్తే చాలు. పళ్లు లెక్కపెట్టి, బయటి వ్యాసం కొలిచి క్షణాల్లో మాడ్యూల్ చెప్పేస్తాడు. పళ్లు 50, వ్యాసం 208 మిల్లీమీటర్లు అయితే 208ని 52తో భాగించి ‘నాలుగు మాడ్యూల్’ అంటాడు. సాధారణ గేరుకు ఆ లెక్క తప్పదు. అదే గేరు ఏ నాణ్యతా తరగతికి చెందుతుందని అడిగితే మాత్రం జవాబు రావడం కష్టం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శిక్షణ అతనికి ఎవరూ ఇవ్వలేదు మరి.

ఈ లోటు చిన్నదేమీ కాదు. నాలుగు మాడ్యూల్, 200 మిల్లీమీటర్ల పిచ్ వ్యాసం ఉన్న గేరుకు ఐఎస్‌ఓ 1328 ప్రమాణంలో ఆరో తరగతి కోరితే, ఒక పంటికీ పక్క పంటికీ మధ్య దూరంలో సుమారు 10 మైక్రాన్ల తేడాకే అనుమతి ఉంటుంది. తలవెంట్రుక మందంలో అది చిన్న భాగం. తరగతి అంకె రెండు పెరిగితే అనుమతించే దోషం రెట్టింపవుతుంది. విద్యుత్ వాహనాల రాకతో ఈ పట్టింపు మరింత పెరిగింది. ఇంజిను మోతలో ఇన్నాళ్లూ కలిసిపోయిన గేరు రొద, మోటారు నిశ్శబ్దంగా తిరిగే వాహనంలో స్పష్టంగా వినిపిస్తుంది.

మూలం తరగతి గదిలోనే ఉంది. ఐటీఐలో మెషినిస్టు విద్యార్థి మిల్లింగ్ యంత్రం మీద, ఇండెక్సింగ్ హెడ్ సాయంతో గేరు కోయడం నేర్చుకుంటాడు. ఒక్కో మాడ్యూల్‌కు ఎనిమిది కట్టర్ల సెట్టు ఉంటుంది. మూడో నంబరు కట్టరు 35 నుంచి 54 పళ్ల వరకు అన్నింటికీ పనిచేస్తుందని పుస్తకం చెబుతుంది. నిజానికి ఆ కట్టరు ఆకారం సరిపోయేది 35 పళ్ల గేరుకే. 50 పళ్ల గేరును దానితో కోస్తే వచ్చేది ఉజ్జాయింపు పన్ను. మరమ్మతు పనికి అది చాలు. వేగంగా తిరిగే గేరుపెట్టెకు చాలదు. ఈ తేడాను కొలిచి చూపేవారు ఉంటే తప్ప విద్యార్థికి అది తెలిసే అవకాశం లేదు.

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ప్రయోగశాలల్లో పంటి మందం కొలిచే వెర్నియర్, పార్కిన్సన్ టెస్టర్ గురించి చెబుతారు. పార్కిన్సన్ పద్ధతిలో గేరును మాస్టర్ గేరుతో రెండు ముఖాలూ తాకేలా నొక్కిపెట్టి తిప్పుతారు. తేలికైన పరీక్షే, కానీ దానికి కనబడని దోషాలున్నాయి. హాబింగ్‌లో కేంద్రం తప్పి కోసిన గేరును షేవింగ్ చేస్తే ఆ వంకర పైకి మాయమై, పళ్ల మధ్య దూరాల్లో పేరుకుపోయిన దోషంగా మిగులుతుంది. పార్కిన్సన్ పరీక్షలో ఆ గేరు నెగ్గవచ్చు. గేరుపెట్టెలో బిగించాక రొద చేస్తుంది. తప్పు ఎవరిదన్న తగవు అప్పుడు మొదలవుతుంది.

అసలు విద్య చార్టు చదవడంలో ఉంది. గేరు కొలిచే యంత్రం ప్రొఫైల్, లీడ్, పిచ్, రనౌట్ అనే నాలుగు విషయాలను గీతలుగా గీసి ఇస్తుంది. ప్రొఫైల్ గీత ఒకవైపు వాలితే హాబ్ సానపట్టడంలో తేడా వచ్చిందేమో చూడాలి. అలలు అలలుగా ఉంటే హాబ్ నిటారుగా తిరగడం లేదేమోనని అనుమానించాలి. రనౌట్ ఎక్కువైతే బ్లాంకును మాండ్రెల్‌పై బిగించిన తీరు తనిఖీ చేయాలి. నాడి చూసే వైద్యుడి పని వంటిది ఇది. లక్షలు పోసి యంత్రం కొన్నా, చార్టును ‘పాస్, ఫెయిల్’ అని మాత్రమే చదివితే సగం డబ్బు వృథా.

ఉష్ణోగ్రత సంగతి మరొకటి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. పైన చెప్పిన 50 పళ్ల గేరులో ఆరు పళ్ల మీదుగా కొలత సుమారు 67.75 మిల్లీమీటర్లు. గేరు మైక్రోమీటరు కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే ఆ కొలత దాదాపు 16 మైక్రాన్లు పెరుగుతుంది. యంత్రం నుంచి దించిన వెంటనే కొలిచి ‘సరిపోయింది’ అనుకున్న గేరు, చల్లారాక సన్నబడుతుంది.

ఎగుమతి ఆర్డర్లు తీసుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. పాత అమెరికా పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఐఎస్‌ఓలో అంకె తగ్గేకొద్దీ పెరుగుతుంది. 2002లో అమెరికా గేరు తయారీదారుల సంఘమూ తన కొత్త ప్రమాణంలో ఈ రెండో వరుసకే మారింది. కాగితాలు మాత్రం మారలేదు. పాత డ్రాయింగు మీద ‘10’ అని ఉంటే అది మెరుగైన గేరు. ఐఎస్‌ఓలో అదే 10 ముతక రకం. ఏ ప్రమాణమో అడగకుండా ధర కోట్ చేస్తే నష్టం ఖాయం.

వసతులు బొత్తిగా లేవనడం సరికాదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) బాలానగర్‌లోనే ఉంది. టూళ్లు, డైలు, అచ్చుల విద్యలో దానికి దేశమంతటా పేరుంది. బెంగళూరులో 1962 నాటి కేంద్ర సంస్థ సీఎంటీఐ కొలతల శాస్త్రంలో పెద్దదిక్కు. అమెరికా సంఘం చికాగోలోని డేలీ కళాశాలలో గేరు కార్మికులకే ప్రత్యేకంగా కొద్ది రోజుల కోర్సులు నడిపింది. పనివారు యంత్రం దగ్గరే నిలబడి కోసి, కొలిచి, చార్టు చదివేవారు. మన దగ్గరా అలాంటి పొట్టి కోర్సులే పనికొస్తాయి. ఆరు నెలలంటే ఏ చిన్న యజమానీ పనివాడిని వదలలేడు. వారానికి రెండు సాయంత్రాలు, అయిదారు వారాలు అంటే ఆలోచిస్తాడు. ఒక్కొక్కరు తమ షెడ్డు నుంచి వాపసు వచ్చిన గేరును తెచ్చుకొని, దాని చార్టు తామే తీయించుకొని, దోషం ఎక్కడ పుట్టిందో వెతికేలా పాఠం ఉండాలి. మొదటి బ్యాచ్‌లో ఇన్‌స్పెక్టర్లకంటే ముందు హాబింగ్ యంత్రం నడిపేవారిని కూర్చోబెట్టాలి. హాబ్ బిగించేదీ, బ్లాంకు సరిచేసేదీ వారే.