ప్రఖ్యాతి నొందని పాట

లోకమున మంచి పాటలన్నియు పేరు పొందవు. పేరు పొందినవన్నియు మంచివి కావు. ఈ సంగతి యెఱిఁగియు మనము పాట యోగ్యతను అది యెందఱి నోళ్ల నానినదో దానినిబట్టియే నిర్ణయించుచున్నాము. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. అందులకు దృష్టాంతముగా నొక తెలుగు పాటను మా విద్యార్థుల యెదుట నుంచుచున్నాము.

1947 ఆగస్టులో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన వేళ మద్రాసు రేడియో కేంద్రము తెలుగువారికై క్రొత్త గీతములను ప్రసారము చేసినది. వానిలో ‘మాదీ స్వతంత్ర దేశం’ ఒకటి. దానిని రచించి స్వరపఱచినవారు బాలాంత్రపు రజనీకాంతరావు గారు (1920–2018). పాడినవారు టంగుటూరి సూర్యకుమారి గారు. రజనీకాంతరావు గారు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ను వ్రాసి కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము నందిన పండితులు. అయినను ఈ పాటలో పాండిత్యప్రదర్శనము లేదు. చిన్న చిన్న పాదములు, అడుగు వేయించు నడక, పిల్లలు గుంపుగా పాడుకొనఁదగిన సులభమైన మాటలు. ఇట్టి పాట నేఁడు మన పాఠశాలలలో నెందఱికి వచ్చును? చేతులెత్తుఁడన్న నొకటి రెండు చేతులైన లేచునా యని మా సందేహము.

ఇఁక నదే గాయని కంఠమున వెలువడిన శంకరంబాడి సుందరాచారి గారి ‘మా తెలుగు తల్లికి’ కథను చూడుఁడు. అది 1942లో ‘దీనబంధు’ చిత్రమునకై వ్రాయఁబడి, చిత్రమునఁ జోటు దొరకక, గ్రామఫోను రికార్డు మూలమున బ్రతికినది. 1975 ప్రపంచ తెలుగు మహాసభల కాలమున దానికి రాష్ట్రగీత గౌరవము లభించినది. పిమ్మట బడులలో పాడింపఁగా ప్రతి బాలునకును కంఠస్థమయ్యెను. గాయని యొక్కతె, రెండు పాటల భాగ్యము వేఱు. తారతమ్యము మాధుర్యమున లేదు. మరల మరల పాడించువారు కలరా లేరా యన్నదే సర్వము.

ఇది మన దేశముననే జరుగు వింత కాదు. అమెరికాలోని మెంఫిస్ నగరమున బిగ్ స్టార్ అను బృందము 1974లో ‘సెప్టెంబర్ గర్ల్స్’ అను పాటను వెలువరించెను. పవర్ పాప్ అను సంగీతరీతికి దానిని మేలుబంతిగా నేఁడు రసికులు చెప్పుదురు. కాని ఆ నాఁడు రికార్డులు అంగళ్లకు సరిగాఁ జేరకపోవుటచే అది జనాదరణము నొందలేదు. పాట లోపము కాదు, పంపకపు లోపము.

“అది మద్రాసులో పుట్టిన పాట, మన తెలంగాణమునకు దానితో నేమి పని?” అని కొంద ఱడుగవచ్చును. ఈ ప్రశ్న యుక్తమైనదే. 1947 ఆగస్టు 15వ తేదీన మన నిజామాబాదు, బోధనులు నిజాము రాజ్యములోనివి. ఆ దినముననే స్వామి రామానందతీర్థ గారు నిర్బంధింపఁబడిరి. ఆ పోరాటకాలముననే దాశరథి కృష్ణమాచార్యులు గారు మన నిజామాబాదు చెఱసాలలో బందీగా నుండి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. 1948 సెప్టెంబరు 17 వఱకు ఈ జిల్లావాసులు ‘మాది’ యని పాడుటకు వీలు లేకపోయెను. పదుమూఁడు మాసము లాలస్యముగా వచ్చిన మాట గనుక దానిని పలుకుటలో మనకు హక్కు తక్కువ కాదు, ఎక్కువ.

మనకు 2024లో రాష్ట్రగీతము లభించినది, అందులకు సంతోషించుచున్నాము. అందెశ్రీ గారి యా గీతమును ప్రభుత్వము గుర్తించుటకు ముందే యుద్యమకాలమున ప్రజలు పాడుకొనిరి. మేము చెప్పుచున్నదియు నదియే. పాటకు ప్రాణము పోయునది ఉత్తరువు కాదు, నోరు.

స్వాతంత్ర్యదినమున పందిరిలో లౌడుస్పీకరు సినిమా పాటలను మ్రోగించుచుండఁగా పిల్లలు మిఠాయి పొట్లముతో నిలుచుట మాకు నచ్చదు. వారు వినువారుగాఁ గాక పాడువారుగా నుండవలెను. నెలకొక మఱుగుపడిన పాటను ప్రార్థనాసమావేశమున నేర్పింతము. తొలి పాటగా దీనిని గైకొందము. బోధను ప్రాంతపు పిల్లలు తమ యవ్వలు, తాతలు పాడు పాటలను గూడ వ్రాసి తెత్తురు గాక. ఆ పాటలకు రికార్డు లేదు, రేడియో లేదు. పాడువారు పోయిన నవియు పోవును.

నఱికిన చెఱకును వెంటనే గానుగకుఁ జేర్పవలెనని మన బాలురకు వేఱుగాఁ జెప్ప నక్కఱ లేదు. ఎండలోఁ బడియున్నకొలఁది దాని తీపి తఱుగును. విద్యార్థులారా, పాటయు నట్టిదే. పదిమంది మెచ్చిరా యని విచారింపక, మంచిదని తోఁచిన పాటను నేఁడే నేర్చుకొనుఁడు.