సినిమా పిల్లలదే, మరి గేమ్?

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నామంటే గేముల గురించి కూడా మనకన్నీ తెలుసని చుట్టాలందరి నమ్మకం. "బాబుకి ఆ సినిమా తెగ నచ్చింది, దాని గేమ్ కొనొచ్చా?" అని అడుగుతుంటారు. చాలామంది డబ్బా మీద రేటింగ్ చూసి "పర్లేదు, కొనేయండి" అనేస్తారు. నా మటుకు నాకు ఆ రేటింగ్ సగం సంగతే చెబుతుందనిపిస్తుంది. పిల్లాడు ఓడిపోయినప్పుడు ఆ గేమ్ ఏం చేస్తుంది? ఇది ఏ రేటింగూ చెప్పదు.

1994లో వచ్చిన లయన్ కింగ్ సంగతే చూడండి. సినిమాకి అమెరికాలో 'జి' ఇచ్చారు, అంటే ఎవరైనా చూడొచ్చు. అదే ఏడాది సూపర్ నింటెండోకీ సెగాకీ వచ్చిన గేమ్ మాత్రం పెద్దవాళ్ళకే చుక్కలు చూపించింది. రెండో లెవెల్లోనే కోతులు సింబాని ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి విసురుతుంటాయి. ఏ కోతి ఎటు విసరాలో మనమే గర్జించి మార్చాలి. లైఫులు అయిపోతే మళ్ళీ మొదటికే, సేవ్ చేసుకోవడం లాంటిదేం లేదు. అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు ఒక్క వీకెండ్‌లో పూర్తి చేసేయకూడదని కావాలనే కష్టం పెంచామని ఆ గేమ్ తయారుచేసినవాళ్ళే తర్వాత చెప్పారు. నెత్తురు లేదు, బూతు లేదు. కానీ ఆరేళ్ళ పిల్ల చేతిలో పెడితే మిగిలేది ఏడుపే.

దీనికి పూర్తి రివర్సు 2005లో వచ్చిన లెగో స్టార్ వార్స్. ఆ ఏడాది వచ్చిన మూడో ఎపిసోడ్ సినిమాకి పిజి-13 పడింది. హీరో కాలిపోవడం లాంటివి ఉన్నాయి మరి. గేములో అదే కథని మాటలు లేని బొమ్మల మూకాభినయం చేసేశారు. దెబ్బ తగిలితే బొమ్మ ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది, ఏరుకున్న నాణేలు కొన్ని పోతాయి, మరుక్షణం అక్కడే లేచి నిలబడుతుంది. గేమ్ ఓవర్ అనేదే లేదు. పైగా నాన్నో అక్కో రెండో కంట్రోలర్ పట్టుకుని మధ్యలో ఎప్పుడైనా చేరొచ్చు, మానేయొచ్చు. సినిమా చూపించలేని పిల్లలకి కూడా ఈ గేమ్ ఇవ్వొచ్చన్నమాట!

ఇంకో సంగతి, సినిమాలో చూసేది వేరు, గేములో చేసేది వేరు. హారీ పోటర్ మొదటి సినిమాకి (2001) పిజి ఇచ్చారు, ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా హాయిగా చూస్తారు. అదే లోకంలో నడిచే హాగ్వార్ట్స్ లెగసీకి (2023) అమెరికాలో 'టి', అంటే పదమూడు దాటినవాళ్ళకి. అందులో మనిషిని చంపే మంత్రాన్ని ఆడేవాడే నేర్చుకుని వాడొచ్చు. డబ్బా మీద కోట బొమ్మ చూసి కొంటే ఈ తేడా ఎలా తెలుస్తుంది?

రేటింగ్ ఇచ్చేవాళ్ళది తప్పనడం లేదు. వాళ్ళు చూసేది హింస, భాష, జూదం లాంటివి. గేమ్ ఎంత కష్టం అన్నది వాళ్ళ లెక్కలోనే లేదు. ప్లే స్టోర్‌లో అయితే డెవలపర్ ఒక ప్రశ్నల ఫారం నింపితే దాన్నిబట్టి వయసు అంకె వస్తుంది. మనవాళ్ళు ఫారాలు ఎలా నింపుతారో మనకి తెలియనిదా :-) ఇక సినిమా పేరు పెట్టుకుని ఫ్రీగా వచ్చే ఫోన్ గేముల్లో డబ్బులు అడిగేది సరిగ్గా పిల్లాడు ఓడిపోయి ఉక్రోషంగా ఉన్నప్పుడే. అక్కడ చూడాల్సింది వయసు అంకె కాదు, ఇన్-యాప్ పర్చేజెస్ అన్న మాట.

"మనం చిన్నప్పుడు కాంట్రా ఆడలేదా, ఏమైంది?" అంటారు కొందరు. ఆడాం, నిజమే. తుపాకులే తుపాకులు. కానీ పక్కన అన్నయ్యో, ఎదురింటి కుర్రాడో రెండో ప్లేయర్‌గా ఉండేవాడు. ఓడితే ఇద్దరం కలిసి ఓడేవాళ్ళం. ఇప్పుడు పిల్లాడి చేతికి టాబ్ ఇచ్చి మనం కాల్‌లో కూర్చుంటున్నాం.

అందుకే ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. కొనేముందు ఎవరో ఆడిన వీడియో ఒక అరగంట చూడండి. ట్రైలర్ కాదు, నిజంగా ఆడింది. ఓడినప్పుడు ఎంత వెనక్కి పంపుతోంది, డబ్బులు అడుగుతోందా, చదవడం రాకపోయినా ఆడగలరా, రెండోవాళ్ళకి చోటుందా అన్నవి గమనించండి. కొన్నాక మొదటి గంట పక్కన కూర్చుని మీరూ ఆడండి. ఆ గంట కూడా తీరిక లేకపోతే ఆ గేమ్ ఇంకో ఏడాది ఆగి కొన్నా మునిగిపోయేదేం లేదు.

మీరేమంటారు?