ఈ సెలవుల్లో బాస్కెట్ కొనివ్వకండి



ఈ సెలవుల్లో మీ పిల్లల చేత ఒక పని చేయించమని అడుగుతున్నాను. దీనికి మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. పాత సామాన్లతో ఒక డిస్క్ గోల్ఫ్ బాస్కెట్ తయారు చేయాలి. షరతు ఒక్కటే. దానికి కావలసిన వస్తువులు మీరు కొనిపెట్టకూడదు. కొంత డబ్బు చేతికిచ్చి, ఏది ఎక్కడ దొరుకుతుందో, ఏది సరిపోతుందో పిల్లలనే తేల్చుకోనివ్వాలి.

డిస్క్ గోల్ఫ్ పేరు కొందరికి కొత్త కావచ్చు. అమెరికాలో ఉన్న మీ బంధువుల పిల్లలను అడిగితే చెబుతారు, అక్కడి పార్కుల్లో ఇది మామూలు ఆట. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేస్తారు కదా. ఇందులో ఫ్రిస్బీ లాంటి డిస్క్‌ను చేత్తో విసిరి, గొలుసులు వేలాడే ఒక బుట్టలో పడేయాలి. ఎవరు తక్కువ విసుర్లలో వేస్తే వారు గెలిచినట్టు. అమెరికాలో దీనికి వేల సంఖ్యలో కోర్సులున్నాయి. ఎక్కువ భాగం ప్రజా పార్కుల్లోనే, ఆడటానికి రుసుము లేకుండా ఉన్నాయి. ఫిన్లాండ్‌లో, ఎస్టోనియాలో కూడా బాగా ఆడతారు.

ఈ ఆటకు మొదట్లో బుట్టే లేదు. చెట్టు, దీపస్తంభం, చెత్తడబ్బా, ఏది కనిపిస్తే అదే గురి. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేసినప్పుడు కూడా గురి స్తంభాలే. డిస్క్ స్తంభానికి తగిలిందా లేదా అన్న వాదన తెగేది కాదు. ఆ కోర్సు వేసిన ఎడ్ హెడ్రిక్ ఆ తగవు తీర్చడానికి, తన కొడుకు కెన్‌తో కలిసి, గొలుసులు, బుట్ట కలిపిన స్తంభాన్ని తయారు చేశాడు. 1977లో దానికి పేటెంట్ వచ్చింది. అంటే ఇవాళ ప్రపంచమంతా వాడే ఈ సామగ్రి ఒక తండ్రీకొడుకులు ఇనుప ముక్కలతో తంటాలు పడి చేసిందే.

కొంటే పోయేదేమిటి?

కొన్న బాస్కెట్ బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ పెట్టె విప్పిన రెండో వారానికే అది బాల్కనీలో బట్టలు ఆరేసే స్టాండ్ అవుతుంది. స్కూల్ ప్రాజెక్టుల సంగతి మనకు తెలియనిది కాదు. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, గాలిమర అన్నీ స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా దొరుకుతాయి. షాపు తయారు చేస్తుంది, తల్లిదండ్రులు డబ్బు కడతారు, పిల్లలు పేరు రాసి సబ్మిట్ చేస్తారు. ఆ మొత్తం వ్యవహారంలో పిల్లవాడు తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు.

మన పిల్లలకు లెక్కలు వచ్చు, ఫార్ములాలు వచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడిని హార్డ్‌వేర్ షాపుకు పంపి నాలుగు మీటర్ల గొలుసు తెమ్మంటే మాత్రం చాలామంది షాపు ముందు నిలబడిపోతారు. ఏ మందం కావాలి, ఎంత బరువుండాలి అని షాపాయన తిరిగి అడిగితే జవాబుండదు. ఈ లోటు ఏ పరీక్షలోనూ బయటపడదు కాబట్టి మనమూ పట్టించుకోము. బాస్కెట్ తయారీ పట్టించుకునేలా చేస్తుంది.

ఏమేం కావాలి, ఎక్కడ దొరుకుతాయి?

తల్లిదండ్రులుగా మీకు తెలిసి ఉండటం మంచిది కాబట్టి చెబుతున్నాను. ఇది ముందే పిల్లలకు చదివి వినిపించకండి. వాళ్లు ఎక్కడైనా పూర్తిగా ఆగిపోతే ఒక మాట అందించడానికి దాచుకోండి.

మొదట పైన గొలుసులు వేలాడే చక్రం. పాత సైకిల్ రిమ్ దీనికి చక్కగా సరిపోతుంది. పెద్దవాళ్లు తొక్కే పాతకాలపు సైకిల్ 28 అంగుళాల రిమ్ వ్యాసం సుమారు 63 సెంటీమీటర్లు. 26 అంగుళాల ఎంటీబీ రిమ్ అయితే సుమారు 56. పైన చిన్నది, కింద బుట్టకు పెద్దది పెడితే అసలు బాస్కెట్ కొలతలకు దగ్గరగా వస్తుంది. వంకర పోయిన రిమ్ములు ఏ సైకిల్ రిపేరు షాపు వెనకైనా ఉంటాయి. కొంచెం వంకర ఉన్నా మన పనికి అడ్డు కాదు. పుల్లల కోసం ఉన్న రంధ్రాలే గొలుసులు కట్టడానికి పనికొస్తాయి, కొత్తగా డ్రిల్ చేయనవసరం లేదు.

ఎన్ని గొలుసులు కావాలన్నది అసలు లెక్క. డిస్క్ గోల్ఫ్ డిస్క్ వెడల్పు సుమారు 21 సెంటీమీటర్లు. 63 సెంటీమీటర్ల రిమ్ చుట్టుకొలత సుమారు 198 సెంటీమీటర్లు. ఎనిమిది గొలుసులు కడితే పైన రెండింటి మధ్య దాదాపు 25 సెంటీమీటర్ల ఎడం వస్తుంది. డిస్క్ దర్జాగా లోపలికి దూరి అవతలి నుంచి బయటికి పోతుంది. పది కడితే ఎడం 20 సెంటీమీటర్లలోపు. 56 సెంటీమీటర్ల రిమ్‌కు పది కడితే 18 కూడా ఉండదు. చిన్న రిమ్ తీసుకుంటే తక్కువ గొలుసుతో పని జరుగుతుందని పిల్లలు తమంతట తాము కనిపెట్టాలి. చుట్టుకొలత సూత్రం వాళ్లకు ఆరో, ఏడో తరగతి నుంచే తెలుసు. దానితో డబ్బు మిగులుతుందని మాత్రం అప్పుడే తెలుస్తుంది.

ఖర్చంతా ఉండేది గొలుసులోనే. ఒక్కొక్కటి 55 సెంటీమీటర్ల చొప్పున పది గొలుసులకు ఐదున్నర మీటర్లు కావాలి. మూడు మిల్లీమీటర్ల ఇనుప గొలుసు మీటరుకు సుమారు 150 నుంచి 200 గ్రాములు తూగుతుంది. అంటే మొత్తం ఒక కిలో. చౌకగా ఉందని ప్లాస్టిక్ గొలుసు కొనాలనిపిస్తుంది. అది పనిచేయదు. ఒకే పరిమాణంలో ఇనుము ప్లాస్టిక్ కంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువు. దూసుకొచ్చే 175 గ్రాముల డిస్క్‌ను ఆపేది గొలుసు బరువే. గొలుసు ఊగి ఆ వేగాన్ని తాను తీసుకుంటుంది, డిస్క్ ఆగి బుట్టలో పడుతుంది. తేలిక గొలుసు పక్కకు తప్పుకుంటుందంతే.

ఇనుప గొలుసు కూడా ఖరీదనిపిస్తే ఇంకో దారి ఉంది. అరిగిపోయిన సైకిల్ చైన్లు. ఒక్కో చైను దాదాపు 1.4 మీటర్లు ఉంటుంది కాబట్టి రెండు ముక్కలొస్తాయి. ఐదు పాత చైన్లు చాలు. బరువులో కూడా ఇవి మూడు మిల్లీమీటర్ల గొలుసుకు తీసిపోవు. కాకపోతే రెండు చిక్కులున్నాయి. గ్రీజు బాగా కడగాలి. పైగా సైకిల్ చైను ఒకవైపే వంగుతుంది, కాబట్టి స్తంభం వైపుకు వంగేలా తిప్పి కట్టాలి. తిప్పకుండా కడితే గట్టి పట్టీలా నిలబడి డిస్క్‌ను వెనక్కి కొడుతుంది. ఈ తేడా పిల్లలు ఒకసారి విసిరి చూస్తే గాని తెలియదు. విసిరి చూడనివ్వండి.

నిలువు స్తంభానికి జీఐ పైపు ముక్క కావాలి, సుమారు నాలుగున్నర అడుగులు. ప్లంబర్ల దగ్గర, పాత ఇనుము కొట్లలో ముక్కలు దొరుకుతాయి. పీవీసీ పైపు చౌక, కానీ ఊగుతుంది. లోపల ఇసుక నింపితే కొంత నయం. అడుగుకు పాత పెయింట్ బకెట్ చాలు. అందులో పది లీటర్ల మేర కాంక్రీటు పోస్తే సుమారు 24 కిలోలవుతుంది, గాలికి పడిపోదు. పంక్చర్ షాపులో పారేసే స్కూటర్ టైరులో కాంక్రీటు పోసినా సరే. బుట్ట అడుగుకు, అంచుకు కోళ్ల మెష్ చుట్టి బైండింగ్ వైరుతో బిగించవచ్చు. బుట్ట పై అంచు నేల నుంచి సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి.

హైదరాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్లు ఉన్నవారికి ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి. చిన్న ఊళ్లలో ఉన్నవారికీ సైకిల్ షాపు, పంక్చర్ షాపు, పాత ఇనుము కొట్టు ఉంటే చాలు.

ఒక్క చోట మాత్రం పిల్లలు తప్పకుండా ఆగిపోతారు. పై చక్రం తేలిక, ఇరుసు పైపు మూతిలో కూర్చుంటుంది. కింది చక్రానికి మాత్రం సరిగ్గా స్తంభం రావలసిన చోటే హబ్ అడ్డుగా ఉంటుంది. హబ్ తీసేస్తే పుల్లలు ఊడిపోతాయి, ఉంచితే పైపు దూరదు. దీనికి ఒకటి కంటే ఎక్కువ జవాబులున్నాయి. ఒక్కటి కూడా ఇక్కడ రాయడం లేదు. రెండు సాయంత్రాలు పిల్లలు దాని గురించి కొట్లాడుకుంటే, నా దృష్టిలో ఈ పని మొత్తానికి అవే విలువైన సాయంత్రాలు.

మీరు అడగబోయే ప్రశ్నలు

ఇంత ఫీజు కట్టి మా పిల్లలను పాత ఇనుము కొట్ల చుట్టూ తిప్పాలా అని కొందరికి అనిపించవచ్చు. ఫీజు పాఠాన్ని కొనగలదు, ల్యాబును కొనగలదు. చేతిలో ఉన్న డబ్బు చాలనప్పుడు ఏది వదులుకోవాలో ఎంచుకునే అలవాటును కొనలేదు. నిజానికి మనలాంటి ఇళ్లలో పిల్లలకు ఆ అవకాశమే తక్కువ. అడిగినది మర్నాటికి డెలివరీ అవుతుంది. అందుకే హద్దు మీరే పెట్టాలి. పదిహేను వందలో, రెండు వేలో, మీ ఇష్టం. హద్దు దాటితే మాత్రం ఇంకో వంద ఇవ్వకండి. ఏ వస్తువు మార్చాలో ఆలోచించుకోమనండి.

చదువు సమయం పోతుందన్నది రెండో భయం. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రుల ఆందోళన నాకు తెలుసు. రెండు వారాంతాలు, నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. సెలవుల్లో ఫోన్ చూసే సమయంతో పోలిస్తే అదెంతో మీరే లెక్క వేసుకోండి. తయారయ్యాక రోజూ పావుగంట విసిరినా నడక, వంగడం, భుజాల కదలిక ఉంటాయి. రోజంతా కుర్చీలో కూర్చునే పిల్లలకు ఆ పావుగంట చిన్నదేమీ కాదు.

మూడోది దెబ్బలు. ఇక్కడ మీరు తప్పకుండా పక్కన ఉండాలి. హ్యాక్సా బ్లేడుతో కోయడం, చైన్ల గ్రీజు కడగడం, సిమెంటు కలపడం చేతులకు గ్లవ్స్ తొడిగి, పెద్దల ముందే జరగాలి. వెల్డింగ్ కావలసి వస్తే షాపులోనే చేయించాలి. మెష్ కొసలను లోపలికి మడవాలి. గట్టి డిస్క్ ముఖానికి తగిలితే ప్రమాదం కాబట్టి ముందు మనిషి ఉంటే విసరకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. మేడ మీద ఆడనివ్వకండి, డిస్క్ కింద రోడ్డు మీద పడుతుంది. డిస్క్ గోల్ఫ్ డిస్కులు దొరక్కపోతే అల్టిమేట్ ఆడే 175 గ్రాముల డిస్క్‌తో మొదలుపెట్టవచ్చు. అది 27 సెంటీమీటర్లు కాబట్టి ఇంకా తేలికగా చిక్కుతుంది.

చివరిది న్యాయమైన ప్రశ్న. ఇవన్నీ స్కూలే చేయాలి కదా? స్థలం విషయంలో ఆ మాట నిజం. మన క్యాంపస్‌లు కొన్నింటిలో క్రికెట్‌కు, ఫుట్‌బాల్‌కు చోటు లేదు. అందుకే నేను ఈ ఆటను ఎంచుకున్నాను. రెండు బాస్కెట్లు ఎదురెదురుగా పది మీటర్ల దూరంలో పెట్టుకుంటే నలుగురు ఆడగలరు. అసెంబ్లీ జరిగే జాగా చాలు. పిల్లలు చేసిన బాస్కెట్లను స్కూలుకు తెచ్చి, చివరి బెల్లు తర్వాత అరగంట ఆడుకోవడానికి అనుమతి కావాలని తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో మీరు అడగండి. ఆటల మాస్టార్లుగా మేము అడిగితే అది ఒక అభ్యర్థన. ఫీజు కట్టే యాభైమంది తల్లిదండ్రులు అడిగితే దానికి జవాబు చెప్పక తప్పదు.

మీ పిల్లవాడి బాస్కెట్ మొదటి రోజే సరిగ్గా పనిచేయదు. గొలుసు ఊడుతుంది, స్తంభం వంగుతుంది, డిస్క్ తగిలి బయటపడుతుంది. అప్పుడు మీకు ఫోన్ తీసి కొత్తది ఆర్డర్ పెట్టాలనిపిస్తుంది. ఆ ఒక్కరోజు ఆగండి. మర్నాడు వాళ్లు మళ్లీ సైకిల్ షాపుకు బయలుదేరితే, మీరు ఇచ్చిన డబ్బుకు రావలసినది వచ్చినట్టే.